ఈగలు తోలే అడుగు

డెట్రాయిట్, లివర్నోయ్ వీధి. ఒడెస్సా టార్ప్లీ విగ్గుల కొట్టు. అద్దం ముందు కుర్చీలో యూలా పెట్‌వే, ఆదివారం చర్చికి పెట్టుకెళ్ళే విగ్గు సరిచేయించుకుంటోంది. గుమ్మంలో రోషెల్ లకెట్. కొట్టుకొచ్చిన మనిషి కొంటుందో, చూసి పోతుందో ఒడెస్సాకి గుమ్మంలోనే తెలిసిపోతుందని ఆ వీధిలో పేరు.

“అది కాదు మిస్ ఒడెస్సా, నేనొచ్చింది...”

“నువ్వెందుకొచ్చావో నాకు తెలుసు రోషెల్. ముందు ఆ తలుపు వెయ్యి. ఏసీ గాలి వీధికి పంచిపెట్టడానికి పెట్టలేదు నేను.”

“వేశానండీ.”

“కూర్చోమనను. కుర్చీలు కొనేవాళ్ళకి. యూలా, తల తిప్పకు, పిన్ను నెత్తిలో దిగుతుంది.”

“తిప్పకుండా ఎలా చూడను? ఎవరీవిడ? ఎక్కడో చూసిన మొహంలా ఉంది.”

“చూసే ఉంటావు. నది ఒడ్డున థియేటరు దగ్గర పోస్టరు లేదూ? ‘ఫెర్న్‌డెల్స్’ అని ఇంతింత అక్షరాలు, కింద ముగ్గురు ఆడవాళ్ళు. ఎడమ పక్కన పళ్ళన్నీ బయటపెట్టింది ఈవిడే.”

“అదేంటి! ఆ రోజుల్లో ఫెర్న్‌డెల్స్ పాటల జట్టంటే మీరు ముగ్గురే కదా? నువ్వూ, వెర్డెల్లూ, పాపం ఆ జొనెట్టా.”

“నేనూ అదే అంటున్నాను. మేమిద్దరం మానేశాక జొనెట్టా ఇలాంటి వాళ్ళని వెతికి పక్కన నిలబెట్టుకుంది. సీసాలో సరుకు తగ్గితే నీళ్ళు కలుపుతారు చూడు, అలా.”

“జొనెట్టా గారు మీకు ఎన్నిసార్లు కబురు పెట్టారో నాకు తెలుసండీ. తిరిగి రమ్మని.”

“పెట్టింది. వెనక నిలబడమని పెట్టింది. ఈ కొట్టు తెరిచిన రోజే అనుకున్నాను, ఇక ఎవరి వెనకా నిలబడేది లేదని.”

“పోయిన చలికాలం ఆవిడ పోయినప్పుడు కూడా మీరు రాలేదు.”

“పువ్వులు పంపాను.”

“చిన్నవి.”

“నేనూ చూశాను ఒడెస్సా. చిన్నవే.”

“యూలా, నీకు విగ్గు కావాలా, వద్దా?”

“కావాలి, కావాలి. నేనేం మాట్లాడను.”

“సరే. రోషెల్, ఇప్పుడు నీ కథ నేను చెబుతాను, అవునో కాదో అను. ఇన్నాళ్ళూ జొనెట్టా మధ్యలో నిలబడింది గనక మీ బండి నడిచింది. ఇప్పుడావిడ లేదు. అసలు ముగ్గురిలో ఒక్కరైనా వేదిక మీద లేకపోతే ఆ పేరుతో కచేరీ పెట్టనివ్వం అన్నారు థియేటరు వాళ్ళు. అవునా?”

“అవునండీ.”

“కచేరీ శనివారం.”

“అవునండీ.”

“టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. కచేరీ ఆగిపోతే నిన్ను మళ్ళీ ఏ ఊళ్ళోనూ ఎవరూ పిలవరు.”

“అవునండీ. కానీ...”

“కానీ లేదు ఏమీ లేదు. నీకు బోర్డుంది, గిరాకీ ఉంది, సరుకు లేదు. సరుకు నా దగ్గరుంది. లెక్క ఇంతే.”

“ఓహో, అందుకా! సోమవారం నుంచీ నువ్వు నిమ్మరసంలో తేనె కలుపుకుని తాగుతుంటే జలుబు చేసిందేమో అనుకున్నాను.”

“యూలా.”

“వెనక గదిలో ఆ పూసల గౌను కూడా వేలాడుతోంది.”

“గాలికి పెట్టాను. పాత గుడ్డలు ముక్కిపోయిన వాసనొస్తాయి.”

“నడుం దగ్గర కుట్లు కూడా విప్పినట్టున్నావు. అవీ గాలికేనా?”

“నీ నోట్లో ఈ పిన్నులన్నీ పెట్టి కుట్టేస్తాను.”

“మిస్ ఒడెస్సా, నాకు టైము లేదు. ఒక విగ్గు కావాలి. శనివారం వేదిక మీదికి. పాత పద్ధతిది, పైకి ఎత్తి దువ్వింది. అందుకే నేను...”

“కావాలి మరి. వేదిక ఎక్కితే జనానికి ఆ రోజుల్లో మనిషిలాగే కనబడాలి. ఆ విగ్గేదో నేను చూసుకుంటాను, నీ సలహా అక్కర్లేదు. ముందు షరతులు తేలనీ.”

“షరతులా?”

“ఊరికే వచ్చి పాడేస్తాననుకున్నావా?”

“లేదు లేదు. చెప్పండి. వింటాను.”

“ఇప్పుడు దారికొచ్చావు. ఒకటి, మధ్యలో నేను. నువ్వూ, ఆ రెండో అమ్మాయీ, మూడో అమ్మాయీ, మీ పేర్లు నాకక్కర్లేదు, వెనక్కి జరగాలి.”

“ఎంత వెనక్కి?”

“దీపం వెలుగు మీ మీద పడనంత. రెండు, పోస్టరు మీద నా పేరు విడిగా రావాలి. ‘అసలు ఫెర్న్‌డెల్ ఒడెస్సా టార్ప్లీ’ అని.”

“‘అసలు’ అన్న మాట పెద్దక్షరాల్లోనా?”

“అవును. మూడు, కారు ఇంటి గుమ్మం ముందుకి రావాలి. మీ వ్యానులో నేను ఎక్కను. కారు ఎలా దిగాలో కూడా రికార్డు కంపెనీ వాళ్ళు మాకు టీచరమ్మని పెట్టి నేర్పించారు. మోకాళ్ళు కలిపి, తల ఎత్తి, నవ్వుతూ. నువ్వు దిగడం నేను చూశాను ఇందాక. లారీలోంచి బంగాళాదుంపల బస్తా దింపినట్టుంది.”

“బస్తాలు మోసి మోసి అలా అయిపోయానండీ. మా స్పీకర్లు మేమే మోసుకుంటాం.”

“మోయాలి. మోసేవాళ్ళు మోయాలి, పాడేవాళ్ళు పాడాలి. నీకు తెలుసా, దక్షిణాది రాష్ట్రాల్లో మా నల్లవాళ్ళ బస్సు ఆగితే పెట్రోలు బంకువాడు తుపాకీ పట్టుకుని బయటికొచ్చేవాడు. బాత్రూం తాళం చెవి ఇమ్మంటే పొదలు చూపించేవాడు. ఆ పొదల్లోకి వెళ్ళొచ్చి, గౌను దులుపుకుని, ఆ రాత్రే వేదికెక్కి ఏమీ జరగనట్టు నవ్వాం. ఆ నవ్వు నువ్వు పోస్టరు మీద అతికించుకుంటే వస్తుందా?”

“రాదండీ. ఆ మాట మాత్రం ఒప్పుకుంటాను.”

“ఒప్పుకోక ఏం చేస్తావు?”

“ఒప్పుకుంటాను గానీ, ఒకటి చెప్పనివ్వండి. మీరు పాడింది నాలుగేళ్ళు. ఆ తర్వాత విగ్గులమ్మారు. నేను ముప్ఫై ఏళ్ళ నుంచీ పాడుతున్నాను. ఒహాయోలో ఎగ్జిబిషన్‌లో పాడాను, పక్క షెడ్లో పందుల అందాల పోటీ. పంది గెలిచినప్పుడల్లా చప్పట్లు, అవి మాకనుకుని వంగి దణ్ణం పెట్టేవాళ్ళం. పడవ మీద పాడాను, జనం కక్కుకుంటుంటే. మీ పాట ఇంకా ఎవరి నోట్లోనైనా ఆడుతోందంటే ఆ పందుల పక్కన నిలబడి పాడిన గొంతు వల్ల. మీ కొట్టుకొచ్చి ఫొటో దిగేవాళ్ళు ఆ పాట నా నోట విన్నవాళ్ళు.”

“ఆహా! దొంగనోటు చాలా చేతులు మారిందట, అందుకని అసలైపోయిందట!”

“కొట్లో చెల్లుతున్నంత కాలం ఎవరూ అడగరు కదండీ.”

“ఒడెస్సా, ఈవిడ బాగా అంది. తప్పు పట్టకు, బాగా అంది.”

“నువ్వు ఎవరి పక్షం యూలా?”

“విగ్గు నీ చేతిలో ఉన్నంత సేపూ నీ పక్షమే.”

“నాలుగో షరతు. అసలుది ఇదే. మా పాట రెండో చరణంలో మీరు చేసే ఆ కోతి వేషం ఆపెయ్యాలి.”

“ఏదండీ?”

“అడుగు పక్కకేసి, చెయ్యి మొహం ముందు ఇలా, ఇలా ఊపుతారే, అది.”

“అదా! అదెందుకు ఆపడం? అది బ్రహ్మాండంగా ఉంటుంది! మంగళవారం మా చర్చి హాల్లో డాన్సు క్లాసుకి వెళ్తానా, అందరం వరసలు కట్టి అదే వేస్తాం. మా మనవరాలి పెళ్ళిలో పాస్టరు గారు కూడా వేశారు.”

“మీ పాస్టరు గారు ఈగలు తోలారు యూలా.”

“ఏంటీ?”

“ఈగలు. చెబుతాను విను, నవ్వి నవ్వి చస్తావు. ఈవిడ కొత్తగా చేరిన రోజుల్లో ఈ కొట్టుకే వచ్చింది. రెండో చరణంలో వెనక మీరేం చేసేవారో చూపించండి అని. జొనెట్టాని అడగొచ్చుగా? జొనెట్టాకి తెలీదు! ఎప్పుడూ మైకు ముందే కదా ఆవిడ, వెనక మేమేం చేస్తున్నామో తిరిగి చూస్తేగా! టీవీ వాళ్ళు కూడా ఆవిడ మొహమే చూపించేవారు. సరే, నేను అప్పుడే చిలగడదుంప తీపి రొట్టె ముక్క కౌంటరు మీద పెట్టుకున్నాను. ఈగ వాలబోయింది. పక్కకి ఒక అడుగేసి దాన్ని ఇలా, ఇలా తోలాను. ‘ఇదేనా అండీ?’ అంది. ‘ఇదే’ అన్నాను.”

“ఒడెస్సా!”

“మర్నాటి నుంచీ వేదిక మీద మొదలుపెట్టేశారు. ముప్ఫై ఏళ్ళు! పట్టుగుడ్డలు కట్టుకుని, దీపాల కింద నిలబడి, నా రొట్టె ముక్క మీద ఈగలు తోలుతున్నారు. కడుపు నొప్పొచ్చేలా నవ్వుకున్నాను ఎన్ని రాత్రులో. ఇదీ వీళ్ళ అసలు సంగతి.”

“తెలుసండీ.”

“ఏం తెలుసు?”

“అది ఈగ అని. ఆ రోజే తెలుసు. నాకు కళ్ళున్నాయి మిస్ ఒడెస్సా. ఈగా కనపడింది, రొట్టె ముక్కా కనపడింది.”

“అబద్ధం.”

“ముక్క కొరికి పక్కన పెట్టారు. మీ పెదవి రంగు అంటుకుని ఉంది.”

“మరి తెలిసి ఎందుకు వేశావు?”

“బాగుంది గనక. మీరు ఆ పాటకి చేసిన వాటన్నిటిలోకీ జనానికి నచ్చింది అదొక్కటే. అసలు అడుగు కూడా నేను చూశాను. పక్కకి వెళ్ళడం, వెనక్కి రావడం. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా అలా కదులుతారు. వెర్డెల్ గారు చూపించారు, చూపించి ఆవిడే నవ్వారు.”

“వెర్డెల్ నీకెక్కడ దొరికింది?”

“టొలీడోలో. కూతురింట్లో ఉన్నారు. పోయిన వారం వెళ్ళొచ్చాను.”

“ఎందుకు?”

“ఎందుకేమిటండీ? థియేటరు వాళ్ళకి అసలావిడ ఒకరు కావాలి కదా.”

“వెర్డెల్లా? దానికి శ్రుతెక్కడుంది? రికార్డింగులో దాన్ని మైకుకి ఆమడ దూరంలో నిలబెట్టేవారు. ఊరికే నోరు కదిపేది!”

“ఇప్పుడు నోరు కూడా కదపక్కర్లేదు. మోకాళ్ళు బాగాలేవు ఆవిడకి. కుర్చీ వేస్తాం, మధ్యలో. కూర్చుని ఆ ఈగల అడుగు చేత్తో వేస్తారట. చూపించగానే పట్టేశారు. కాగితాల మీద సంతకం కూడా అయిపోయింది.”

“అబ్బా! ఒడెస్సా, పిన్ను గుచ్చుకుంది!”

“మరి నా దగ్గరికెందుకొచ్చావు?”

“విగ్గు కోసం. గుమ్మంలో అడుగుపెట్టినప్పటి నుంచీ అదే చెబుతున్నాను. మీరు చెప్పనివ్వలేదు.”

“నా షరతులన్నీ విన్నావు.”

“విన్నాను. మధ్య చోటు, విడిగా పేరు, గుమ్మం ముందుకి కారు. మీరే ధర పెంచుకుంటూ పోతుంటే ఎక్కడిదాకా వెళ్తారో చూద్దామనిపించింది. ముచ్చటేసింది.”

“నన్ను అడగాలని నీకు తోచనే లేదా?”

“మావాళ్ళిద్దరికీ తోచింది. ముగ్గురిలో గొంతు చెడనిది మీకొక్కరికే అని వాళ్ళూ విన్నారు. నేనే వద్దన్నాను.”

“ఎందుకు?”

“మీరు మమ్మల్ని చూసే చూపుంది కదా, ఇప్పుడు చూస్తున్నారే, ఇది. వేదిక మీద మీరు మధ్యలో నిలబడి ఇలా చూస్తే జనం పాట వినరు. జనం టికెట్టు కొన్నది ఈ చూపుకి కాదు.”

“యూలా, తల వంచు. ఇంకో పిన్నుంది.”

“వంచాను. ఆవిడకేదో ఒకటి చెప్పు ఒడెస్సా.”

“వెర్డెల్‌కి విగ్గు ఇక్కడిదే ఎందుకు? టొలీడోలో కొట్లు లేవా?”

“నేనూ అదే అన్నాను. ‘అది మనిషి కాదు గానీ, విగ్గు మాత్రం దాని చేతిదే కావాలి. మిగతావాళ్ళవి చెవుల మీదికి జారతాయి’ అన్నారు. ఆవిడ మాటే చెబుతున్నాను, కోప్పడకండి.”

“అలాగే అంటుంది. ముందు నుంచీ దాని నోరంతే.”

“తల కొలత రాసుకొచ్చానండీ. ఇదిగో...”

“అక్కర్లేదు. దాని తల నాకు తెలుసు. ఎడమ చెవి వెనక ఎత్తు. బస్సులో రాత్రంతా నా భుజం మీదే పడేసేది. నా భుజం తిమ్మిరెక్కేది, అది మాత్రం గురక పెట్టేది.”

“అయితే ఎంతివ్వమంటారు?”

“ఇప్పుడు చూడు, రెట్టింపు చెబుతుంది.”

“నోరుముయ్యి యూలా. రోషెల్...”

“చెప్పండి.”

“డబ్బొద్దు. విగ్గు ఇప్పుడివ్వను. శనివారం నేనే తెచ్చి పెడతాను, పిన్నులు పెట్టడం మీలో ఎవరికీ చేతకాదు. బస్సులో వస్తాను. పెట్టేసి, తెర పక్కన ఏదో ఒక మూల నిలబడి, ఆ ఒక్క పాటా విని వెళ్ళిపోతాను. ఎవరినీ ఏమీ అనను. ఎవరి వైపూ చూడను. లోపలికి రానిస్తారా?”