బోగొమిల్ చేతిలోని బిళ్ళ

నా పేరు జెల్యాజ్కో మించెవ్. వయసు అరవై ఒకటి. బుర్గాస్‌లో రైల్వే స్టేషను వెనుక టైర్ల పంక్చర్ షాపు నడుపుతున్నాను. చనిపోయిన బోగొమిల్ తంచెవ్ నాకు తోడల్లుడు. అక్కను ఆయన, చెల్లెల్ని నేను చేసుకున్నాం. ఆసుపత్రిలో ఆయన పిడికిలి విప్పి ఇత్తడి బిళ్ళ దొంగిలించానని ఆయన కొడుకు స్వెతోజార్ ఫిర్యాదు చేశాడు. పిడికిలి విప్పిన మాట నిజం. దొంగతనం మాట అబద్ధం. వరసగా చెబుతాను ఇన్‌స్పెక్టర్ గారూ, మధ్యలో ఆపకండి.

నెలకో ఆదివారం మధ్యాహ్నం ఓడరేవు దగ్గర మా క్లబ్బులో పోకర్ పోటీ జరుగుతుంది. కట్టిన రుసుములో సగం ఆటగాడి తల మీద బహుమతిగా పెడతారు. దానికి గుర్తుగా అతని పేరున్న బిళ్ళ అతనికే ఇస్తారు. పందెం కాయడానికి డబ్బుకు బదులు ఇచ్చిన చిప్స్‌లో మన ఆఖరివి ఎవడు గెలిస్తే బిళ్ళ వాడిది. మనమే లేచి, మన చేత్తో ఇచ్చి, చేయి కలిపి వెళ్ళాలి. అది మా ఆచారం. గెలిచినవాడు దాన్ని కౌంటర్లో చూపి వంద లేవాల డబ్బు తీసుకుంటాడు.

ఫిబ్రవరిలో గొడవ వచ్చింది. నేను, బోగొమిల్, ఒక చేపల వ్యాపారి ఉన్నదంతా ఒడ్డాం. ముగ్గురిలో బోగొమిల్ దగ్గరే చిప్స్ తక్కువ. ఆయనకున్నంత మేరకు ముగ్గురి పందెం ఒకటి, ఆపైన నాకూ వ్యాపారికీ మధ్య పక్క పందెం మరొకటి. ముక్కలు తిప్పితే బోగొమిల్‌వే పెద్దవి. మొదటి పందెం ఆయన గెలిచాడు. పక్క పందెం నేను గెలిచాను. వ్యాపారి ఆఖరి చిప్స్ ఉన్నది పక్క పందెంలోనే కాబట్టి అతని బిళ్ళ నాకిచ్చారు. బోగొమిల్ బల్ల మీద గుద్దాడు. పెద్ద ముక్కలు తనవైతే బిళ్ళ నాకెలా వస్తుందని అడిగాడు. పోటీ నడిపే కామెన్ రెండుసార్లు విడమరిచి చెప్పాడు. ఆయన తలకెక్కలేదు. ఆ రోజు నుంచి నాతో మాట మానేశాడు. ఈస్టర్‌కు మా ఇంటికి రాలేదు. మా ఆవిడ రాద్కా గుడ్లకు రంగులు వేసి, పళ్ళెం పట్టుకెళ్ళి, వాళ్ళ గుమ్మంలోనే పెట్టి వచ్చింది.

మొన్న ఆదివారం చీటీల్లో ఇద్దరికీ ఒకే బల్ల పడింది. మూడున్నరకు ఆయన నీళ్ళ గ్లాసు అందుకోబోయి పక్కకు ఒరిగిపోయాడు. అంబులెన్సు వచ్చింది. నేనూ ఎక్కబోతే, కబురంది వచ్చిన స్వెతోజార్ నా భుజం పట్టి నెట్టేశాడు. తిరిగొచ్చి కూర్చున్నాను. ఎక్కడికి పోను?

మనిషి వెళ్ళినా చిప్స్ బల్ల మీదే ఉంటాయి. అదీ నిబంధనే. ఆయన కుర్చీకి ముక్కలు వేస్తారు, తీసి పారేస్తారు, వంతు వచ్చినప్పుడల్లా కట్టాల్సినది ఆయన కుప్పలోంచి తీస్తారు. ఆ కుప్ప తరగడం చూస్తూ కూర్చున్నాను. అలాంటి ఆట పగవాడికి కూడా వద్దు. చివరి రెండు చిప్స్ పందెంలోకి వెళ్ళినప్పుడు నాకు రెండు ఏడులు పడ్డాయి. పారేయవచ్చు. పారేస్తే ఆయన బిళ్ళ ఎదురుగా కూర్చున్న ముక్కూ మొహం తెలియని టూరిస్టుకు పోయేది. పారేయలేదు. గెలిచాను.

బిళ్ళ బోగొమిల్ జేబులోనే ఆసుపత్రికి వెళ్ళిపోయింది. ఫర్వాలేదు, బిళ్ళ లేకపోయినా వంద లేవాలు ఇస్తానన్నాడు కామెన్. నేను వద్దన్నాను. అతన్ని అడగండి. వంద లేవాలకు ఆశపడేవాణ్ణయితే అక్కడే తీసుకునేవాణ్ణి.

ఆరు గంటలకు ఆసుపత్రికి వెళ్ళాను. స్వెతోజార్ కింద మందులు కొంటున్నాడు. నర్సు రెండు నిమిషాలు ఉండనిచ్చి అద్దం బయట నిలబడింది. బోగొమిల్‌కు తెలివి ఉంది. మాట ముద్దగా వస్తోంది. బిళ్ళ అప్పటికే పిడికిట్లో ఉంది.

"నా చిప్స్ ఎవడికి పోయాయిరా?" అన్నాడు.

"నాకే అన్నయ్యా."

"నీకే పోతాయిలే. గద్దలా కాచుక్కూచుంటావుగా."

"నువ్వు కుర్చీలో ఉంటే గెలిచేవాణ్ణా?"

ఆయన తల నా వైపు తిప్పాడు. తర్వాత అన్నాడు: "ఫిబ్రవరిది కూడా నీదేరా. కామెన్ చెప్పినప్పుడే అర్థమైంది. ఒప్పుకోవడానికి నోరు రాలేదు. ఇదిగో, పట్టు."

చేయి ఎత్తాడు. వేళ్ళు తెరుచుకోలేదు. మాట వినడం లేదురా, నువ్వే విప్పు అన్నాడు. ఒక్కో వేలూ విప్పాను. బిళ్ళ తీసుకుని, అదే చేత్తో ఆయనతో చేయి కలిపాను. అద్దం బయటి నుంచి నర్సు చూసింది ఇదే. మాటలు ఆమెకు వినపడవు. సోమవారం పొద్దున ఆయన పోయాడు.

స్వెతోజార్ షాపుకు వచ్చి, "వంద లేవాల కోసం చచ్చే మనిషి వేళ్ళు విరుస్తావా బాబాయ్?" అన్నాడు. నేను వెయ్యి ఇస్తానన్నాను. బిళ్ళే కావాలన్నాడు. దాన్ని తన చేతిలో పెడితే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాడట, అంత్యక్రియలకూ రానిస్తాడట. రాద్కా ఏడుస్తోంది, ఇచ్చి పారెయ్ అంటోంది. తమరూ అదే సలహా ఇచ్చారు. ఇస్తే దొంగిలించానని ఒప్పుకున్నట్టే. ఆయన నాకేమీ ఇవ్వలేదన్నట్టే. కేసు పెట్టుకోండి. రేపు పదకొండింటికి మా అన్నయ్యను పాతిపెడతారు. నేను వెళ్ళను.

పైన రాసినది నేను చెప్పినదే. చదివి వినిపించగా విన్నాను. "బలవంతంగా" అన్న మాట ఒకచోట ఉంటే కొట్టివేయించాను. మిగిలినదంతా నిజం. సంతకం వంకరగా వచ్చింది. అది నాదే.

(సంతకం) జెల్యాజ్కో మించెవ్