నీలం గింజలు

రాజమండ్రి, 1979 ఆగస్టు. బయట ముసురు. ఫిజిక్సు లెక్చరరు గున్నేశ్వరరావు కాలేజీ నుంచి ఇప్పుడే వచ్చాడు. వంటింట్లో భార్య నాగరత్నం.

“అన్నం వద్దన్నాను కదా.”

“పొద్దున్నా తినలేదు. ఆ ఉత్తరంలో ఏం రాశారండి మీ గైడు గారు?”

“నా రీడింగులు ఎవరి రీడింగులతోనూ కలవటం లేదట. ఈ నెలాఖర్లోగా తప్పెక్కడో తేల్చకపోతే థీసిస్ వెనక్కి తీసుకోమన్నారు. అది పోతే ఈ టెంపరరీ ఉద్యోగమూ పోయినట్టే.”

“ఇంకోసారి చూడండి.”

“నలభైసార్లు చూశాను రత్నం. గొట్టంలో గ్యాసు ఉంటుంది. శబ్దం పంపితే అందులో అణువులు ఊగుతాయి. ఊగే అణువు పక్కవాటిని యాభైవేలసార్లు గుద్దుకుంటే గాని దాని ఊపు తగ్గదు. నా గొట్టంలో అయిదువేలకే తగ్గిపోతోంది.”

“ఎందుకని?”

“తడి చేరితే అలా అవుతుంది. రవ్వంత చాలు. నీటి అణువు తగిలిందా, ఊపు ఇట్టే దిగిపోతుంది. కానీ తడి ఎక్కడిది? నువ్వు వేయించి ఇచ్చిన సిలికా జెల్ గింజల మీంచే కదా గ్యాసు పోయేది.”

“ఆ గింజలు... తడంతా పీల్చేస్తాయా?”

“పీల్చేసి గులాబీ రంగుకి తిరుగుతాయి. మూకుట్లో వేయిస్తే మళ్ళీ నీలం. అందుకే కదా ఇంటికి తెచ్చేది. ఎప్పుడు చూసినా నీలంగానే ఉన్నాయి.”

“కాస్త మజ్జిగన్నా తాగండి.”

“ఏంటలా చూస్తున్నావు?”

“ఏం లేదు. కిరసనాయిలు దొరకని రోజుల్లో...”

“దొరకని రోజుల్లో?”

“నీలంగా ఉంటే చాలని మీరే అన్నారు కదండీ.”

“అన్నాను. వేయించావా లేదా?”

“పుల్లలు తడిసిపోయేవి. ఊకపొయ్యి రాజేస్తే పొగే గాని సెగ ఉండేది కాదు.”

“రత్నం. వేయించావా లేదా?”

“బట్టలకి పెట్టే నీలిమందు పొడి అద్దానండి.”

“ఎప్పట్నుంచి?”

“చెబుతాను. ముందు కూర్చోండి.”

“ఎప్పట్నుంచి?”

“కిందటేడు ముసుర్ల నుంచి. తర్వాత అదే అలవాటైపోయింది.”

“ఏడాది. ఏడాది రీడింగులు. పొయ్యి వెలగలేదని ఒక్క మాట నాతో అంటే ఏం పోయేది?”

“ఒకసారి అన్నానండి. రెండు రోజులు అన్నం ముట్టలేదు మీరు. నీలంగా కనబడిన రోజే తినేవారు.”