కుళాయికి కట్టిన దారం

బొబ్బిలిలో ఎండ వాలుతున్న వేళ ఇంటావిడ మేడమెట్లు ఎక్కి వస్తుంటే, పైన అద్దెకుంటున్న అమ్మాయి గుమ్మంలోకి ఎదురొచ్చింది.

“కుళాయి కారతన్న సంగతి నీకు సెప్పకుండా దాసినాను పిన్నీ. మోటారు బిల్లు సూసి ఖాళీ సెయ్యమంటావని భయమేసింది.”

“మరి సుక్క సప్పుడు ఆగిపోయిందేటే?”

“కుళాయికి దారం కట్టినాను. నీరు దానెంట సప్పుడు సెయ్యకుండా బిందెలోకి జారతాది.”

“నీ తెలివి మండ! నాకు నిద్దర్లేకుండా సేసినావు.”

“నానేటి సేసినాను?”

“కింద నానొక్కర్తినే కదే. ఆ సప్పుడు ఇనుకుంటా, పైన మనిషున్నాదని కళ్ళు మూసుకునేదాన్ని. ఇప్పుడు మేడంతా ఖాళీ అయిపోయినట్టున్నాది.”

“దారం ఇప్పేసీమంటావా?”

“ఇప్పేయ్. బిందె నిండితే కిందకి తెచ్చి నా మల్లిమొక్కకి పొయ్యి.”

అమ్మాయి ముడి విప్పింది. ఇద్దరూ బిందె పక్కన కూర్చుని, మొదటి చుక్క కోసం ఎదురుచూశారు.