జగన్నాయకులు చదివిన తంతి

జగన్నాయకులని ఒకడుండేవోడు, మూడో ఫారం దాకా, అంటే ఇప్పటి ఎనిమిదో క్లాసు దాకా చదివేడు. ఊళ్ళో ఇంకెవడికీ ఇంగ్లీసు రాదనుకో, అందుకని ఇంగ్లీసు నాయుడనేవోరు. మందుసీసా మీద రాత కానీ, కోర్టు కాయితం కానీ, ఆడి అరుగు మీదికే రావాల. ఆడు కళ్ళద్దాలు తుడుచుకుని, కాసేపాగి, ఊఁ అని మొదలెట్టేవోడు. సగం వొచ్చు, సగం ఊహ. ఆ సంగతి ఆడికొక్కడికే తెలుసు.

ఏమైందంటే, గోదారి పుష్కరాలొచ్చిన ఏడు, ఊడుపుల రోజులు. పోలమ్మని, పడమటీధిలో సేద్యం చేసుకునే మనిషి, ఆవిడికి తంతొచ్చింది, టెలిగ్రామన్నమాట. ఆవిడ అన్న రాజమండ్రిలో రైలు ఉద్యోగం, ముసలి తండ్రి ఆ కొడుకు కాడే ఉంటాడంట. మోకాళ్ళ దాకా బురదతో పరిగెత్తుకొచ్చి, "చదవండి బాబూ, మా అయ్యకేటైనా అయిందేటో" అంది. కాయితంలో నాలుగే మాటలు. ఫాదర్ సింకింగ్, స్టార్ట్ ఇమీడియట్లీ. ఫాదరంటే తండ్రి, తెలుసు. వెంటనే బయల్దేరమని, అదీ తెలుసు. మధ్యలో ఈ సింకింగేటి? సింకంటే మునగడమని బళ్ళో చదివేడు, ఓడ మునిగిన పాఠంలో. ముసలోడు మునగడమేటి? చుట్టూ పదిమంది చూస్తన్నారు. తెలీదందామని నోటిదాకా వొచ్చింది, బయటికి రాలేదంట. అప్పుడు ఠక్కున పుష్కరాలు గుర్తొచ్చేయి. ఇంకేటి, గోదాట్లో మునుగుతున్నాడు! "భయం లేదే పోలమ్మా, మీ అయ్య పుష్కరస్నానం చేస్తన్నాడు, నిన్నూ రమ్మంటన్నాడు" అనీసేడు. అందరూ నవ్వేరు. పోలమ్మ కళ్ళు తుడుచుకుని, హమ్మయ్య, పుష్కరం పన్నెండు రోజులు గదా, ఊడుపు అయ్యేక ఎళ్తానని చేలోకి తిరిగెళ్ళిపోయింది.

స్నానానికి రమ్మనీవోడు తంతెందుకిస్తాడు? ఆ మాట జగన్నాయకులికి అన్నం కాడ తట్టింది. పక్కూరు పెద్దమాస్టారిని అడిగితే తేలిపోద్ది, రెండు మైళ్ళు. కానీ ఎళ్తే ఊరు చూస్తాది, ఇంగ్లీసు నాయుడికి ఇంగ్లీసు రాదంటాది. ఎళ్ళలేదు. మర్నాడూ ఎళ్ళలేదు. నాలుగోనాడు పోలమ్మ అయ్యకి కొత్త పంచె మూట కట్టుకుని, "గోదారి నీళ్ళు మీకూ తెస్తాను బాబూ" అని నవ్వుకుంటా రైలుకెళ్ళింది. అప్పుడింక నిలవలేక మాస్టారి కాడికి పరిగెత్తేడు. ఆయన ఆ సింకింగు మాట విని విప్పి చెప్పేడు. "ముసలాళ్ళ గురించి అలా ఇస్తే, ప్రాణం జారిపోతంది, ఆఖరి చూపుకి రండని నాయుడూ. మనం కాలం చేసేడంటాం. ఇంగ్లీసు దొరకి అదే మాటకి మాట చెప్తే, కాలాన్ని ఏటి చేసేడూ అని అడగడా?" అన్నాడు. తిరిగి ఇంటికెలా నడిచొచ్చేడో జగన్నాయకులికే తెలీదు.

ఆ అన్న ఇంకో తంతెందుకివ్వలేదంటారా? చెల్లి దారిలో ఉందనుకున్నాడు పాపం. పెద్దకర్మ అయ్యేక పోలమ్మ ఊరొచ్చి, తిన్నగా ఆడి అరుగు కాడికే వొచ్చింది. తిడతాదనుకున్నాడు. తిట్టలేదు. "మీరేటి చేస్తారు బాబూ, ఆ తంతాఫీసోళ్ళే తప్పు రాసుంటారు. రెండ్రోజులు గుమ్మం కేసే చూసేడంట మా అయ్య. నానెళ్ళేసరికి బూడిద గోదాట్లో కలిపీసేరు" అంది. చూసేరా, తప్పించుకునే దారి ఆవిడే చూపించింది. ఊరుకుంటే ఊరుకోవొచ్చు. ఆడు అరుగు దిగి, వీధిలో నిలబడి, "తంతిలో తప్పు లేదమ్మా. ఆ మాట నాకు తెలీదు. తెలీదని చెప్పడానికి సిగ్గేసింది" అన్నాడంట. ఆవిడ ఆడి మొహం కేసి అలా చూసి, చూసి, "తెలీదనుంటే నానే పక్కూరు పరిగెత్తీదాన్ని గదా బాబూ" అంది. అంతే. ఎళ్ళిపోయింది.

ఆ తరవాత ఆడు చదవడం మానలేదు. ఈ మాట తెలుసు, ఈ మాట తెలీదు, పదండి మాస్టారి కాడికి, అని ఆళ్ళ కూడా నడిచేవోడు. పోలమ్మ మాత్రం మళ్ళీ ఆ అరుగెక్కలేదు. ఉత్తరమొస్తే ఆడి ముందునించే పక్కూరెళ్ళేది, ఆడు తలొంచుకునేవోడు. తిట్టుంటే బాగుణ్ణు, తిట్టుంటే బాగుణ్ణని చచ్చేదాకా అనుకున్నాడంట. అయినా ఒక్క జగన్నాయకుల్ని అనడమెందుకు? ఇందాక, ఈ కత పట్టుకెళ్ళడానికొచ్చిన ఈ బాబుగారు, నా మాటలు పట్టి మళ్ళీ వినిపించే ఆ పెట్టె పేరేదో ఇంగ్లీసులో చెప్పేరు, నానూ తెలిసినట్టు తలూపీసేను.