చెయిన్ల ముసలాయన కూతురు

1904 వేసవిలో, ఫ్రాన్స్‌లోని ఒవెర్న్ కొండదారి మీద గాస్పార్ వెర్న్ కొత్త కారు ఒక మలుపులో ఆగిపోయింది. కాసేపటికి కింది నుంచి చెయిన్లు గలగలలాడించుకుంటూ మరో కారు వచ్చి పక్కన నిలిచింది. నడుపుతున్నది లియోంటీన్. చెయిన్లతో నడిచే కార్లు చేసిన ఆమె తండ్రి షెడ్డులోనే ఒకప్పుడు గాస్పార్ పని నేర్చుకున్నాడు.

“దిగొద్దులే. నేను చూసుకుంటాను.”

“దిగడం లేదు గాస్పార్ గారూ. చూస్తున్నానంతే.”

“కొత్తగా ఈ గారూ ఏమిటి? అన్నా అని పిలిచేదానివి.”

“మా ఇంట్లో సూప్ తాగిన రోజుల్లో పిలిచాను. బండికి ఏం పోయింది?”

“ఏం పోలేదు. కాస్త వేడెక్కింది.”

“వేడెక్కితే కింద ఇనప ముక్కలు రాలతాయా?”

“సరే, వెనక ఇరుసులో పళ్ల చక్రం పళ్లు విరిగాయి. ఇంజను తిరుగుతోంది, దాన్నుంచి ఇరుసుకి పోయే కడ్డీ తిరుగుతోంది, చక్రాలే కదలడం లేదు.”

“పాపం. తెగింది చెయినైతే ఒక్క లింకు మార్చుకుని పోయేవారు.”

“ఎగతాళి చెయ్యకు.”

“ఎగతాళి నాదా? ‘చెయిన్ల ముసలాయన సైకిలుకి నాలుగు చక్రాలు తగిలించి కారంటున్నాడు’ అని పేపరువాళ్లతో అన్నదెవరు? ఊరంతా నవ్వింది. ఒక్కడు కొనడానికి రాలేదు. ఆ చలికాలమే నాన్న షెడ్డుకి తాళం వేశాడు. మళ్లీ వసంతం చూడలేదు.”

“ఆయన్ని నేను చంపలేదు లియోంటీన్.”

“నేననలేదే. నాన్న చెయిన్లు ఎందుకు వాడాడో మీ నోటితో చెప్పండి. తాడు కట్టి పైకి లాగుతాను.”

“ఇప్పుడా? పైన సత్రంలో సైన్యం వాళ్లు నా కారు పరీక్షించి కొనడానికి కూర్చున్నారు. మధ్యాహ్నానికి నేను చేరకపోతే లేచిపోతారు. ఆ ఆర్డరు రాకపోతే నా ఫ్యాక్టరీ మూతే.”

“మాదీ మూతపడింది. చెప్పండి.”

“పళ్ల చక్రాలతో ఇంజను బలాన్ని ఇరుసుకి చేర్చాలంటే గట్టి ఉక్కు కావాలి. అంత గట్టిది ఇంకా రాలేదు. పళ్లు సరిగ్గా కోసే యంత్రాలూ లేవు. ఆయన అంటుంటే ముసలి భయమనుకున్నాను.”

“ఇంకా?”

“చెయిన్ ఉంటే ఇరుసు తిరగక్కర్లేదు, బరువు మోస్తే చాలు. తేలిగ్గా ఉంటుంది. గుంటలో చక్రం ఎగిరినా చెయిన్ సర్దుకుంటుంది. కొండెక్కాలంటే ముందున్న పళ్ల చక్రం తీసి చిన్నది వేస్తే సరి.”

“కింద ఊళ్లోనే వేసుకొచ్చాను. మిగతాది కూడా చెప్పండి. దుమ్ము తింటుంది, చెవులు చిల్లులు పడేలా మోగుతుంది, గౌనంతా నూనె చిమ్ముతుంది. నాన్నకీ అవేమీ నచ్చేవి కాదు.”

“నచ్చకపోతే మార్చాల్సింది. నేను మార్చాను. ఈ కడ్డీ ఆలోచన నాది.”

“నీదా?”

“అంటే...”

“నీదా గాస్పార్? షెడ్డు వెనక గోనెపట్టా కింద ఉన్న కడ్డీ బండి ఎవరిది?”

“ఆయన పక్కన పడేశాడు. పడేసినదాన్ని...”

“ఎందుకు పడేశాడో అడిగావా?”

“లేదు.”

“దాని పళ్లు విరిగింది ఇక్కడే, ఈ మలుపులోనే. నేను పక్కన కూర్చునున్నాను. బండి లోయలోకి జారుతుంటే నాన్న చక్రం కింద రాయి తోశాడు. వేళ్లు నలిగిపోయాయి. ‘మంచి ఉక్కు వచ్చాక చేద్దాంలే తల్లీ, అప్పటిదాకా చెయిన్లే’ అన్నాడు.”

“నాకు తెలీదు. ఒట్టు, నాకు తెలీదు.”

“తెలీదని నాకు తెలుసు.”

“తప్పయింది. ఆ తాడు ఇలా ఇవ్వు. సత్రానికి ముందొచ్చే మలుపులో విప్పేద్దాం, వాళ్ల కంటపడకుండా.”

“విప్పను. వాళ్లు చూడాలి.”

“నీకింత కసి ఉందని అనుకోలేదు. అసలు పరీక్ష మొదట నది పక్కన చదును రోడ్డు మీద పెట్టారు. నా కారు అక్కడ హాయిగా పరిగెత్తేది. పోయినవారం ఎవడో వెళ్లి ఈ కొండ మీద పెట్టమన్నాడట. వాడెవడో దొరికితే...”

“నేనే చెప్పాను. బ్రేకు వదలండి, లాగుతాను.”