ఒక్క మూత మందు

“అమ్మమ్మా, రాత్రి నిద్దర పట్టకపోతే ఒక్క మూత ఏసుకుంటే తప్పేటి?”

ఏటన్నావు? మళ్లీ అను. వద్దులే, ఇన్నాను. నాకు సెవుడొచ్చీసిందని అందరూ అనుకుంతన్నారు గానీ ఇనాల్సింది ఇనపడతాది. ఇలగ రా గౌరీ, ఇక్కడ కూసో. ఆ గుంటని నాకియ్యి. ఇయ్యవే, పడీను నాను. మూడు నెల్ల పిల్ల, సూడు ఎంత బరువుందో, మీ అమ్మా ఇలాగే ఉండీది. మీ అమ్మ కోటబొమ్మాళి సంతకెళ్లింది కదా, మధ్యాన్నం దాకా రాదు. మంచిదయ్యింది. అది ఇంట్లో ఉంటే నానీ మాట సెప్పనేను. ముప్పై ఎనిమిదేళ్లయ్యింది, నా నోటితో ఇంకెవులికీ సెప్పనేదు.

నువ్వే సీసా గురించి అడగతన్నావో నాకు తెలుసు. మన పేటలో బాలింతకి బ్రాందీ పోస్తారు. అందరిళ్లలోనూ పోస్తారు, అందులో దాసుకోడానికేటుంది? పొద్దున్న సొంఠి మిరియాల కాయం, అన్నంలోకి ఎల్లిపాయి కారం, సాయంత్రం ఏడినీళ్లలో ఒక మూత బ్రాందీ. బాలింత వొంటికి సలవ సెయ్యకూడదంటారు. మా అత్త నాకు పోసింది, నాను మీ అమ్మకి పోసాను, నీకూ పోసాను నెల్లాళ్లు. నీకు పొయ్యకుండా ఉండవలిసింది. బుద్ది లేకపోయింది నాకు. నీ మొగుడు గుజరాతులో బోటుమీద ఉన్నాడు, ఫోను ఒక్కోసారి నాలుగేసి రోజులు కలవదు. పొద్దుగూకిందంటే నీకు దడ మొదలు. ఔనా? నాకు తెల్దేటి! నాకు తెల్దంటే ఇంకెవులికి తెలుస్తాది?

ఇనుకో మరి. మీ రావులు మావయ్య పుట్టిన ఏడాది. మీ అమ్మకి అప్పటికి ఏడేళ్లు. మధ్యలో రెండు కాన్పులు పోయాయి, సరే, అవెందుకిప్పుడు. ఆ ఏడే మీ తాత తమ్ముడు నరిసిమ్ములు తెప్ప తిరగబడి పోనాడు. ఇద్దరన్నదమ్ములూ ఒకే రోజు సముద్రంమీదికి ఏటకెళ్లారు, ఒకడొచ్చాడు. నాలుగు రోజులు ఒడ్డంతా ఎతికారు. మనిషి దొరకనేదు. అయిదో రోజున మీ తాత మళ్లీ తెప్ప కట్టుకుని ఎల్లిపోనాడు. ఎల్లకపోతే తిండేటి? తట్టెడు కవళ్లు సేపలమ్మితే పది రూపాయలొచ్చీవి. పదా, పన్నెండా? పన్నెండు మంచిరకానికి. బస్సుకి రూపాయి పావలా పోనీది, తట్టకి వేరే టిక్కెట్టు కొట్టీవోడు కండక్టరు, ఆడితో రోజూ తగువే నాకు.

ఆఁ, ఏటి సెప్తన్నాను? దడ. పగలంతా నాకేటీ ఉండీది కాదు. సంతలో గట్టిగా అరిసీదాన్ని, నా నోటికి జడిసీవోళ్లు. దీపం పెట్టీ ఏళయ్యిందంటే గుండెల్లో ఎవులో కొడతన్నట్టే. పక్కేసానంటే ఇంకా ఎక్కువ. మంచం సూస్తే బయమే, నమ్ము. తొంగుంటే కళ్లు మూతపడాల, మూతపడితే ఆ తెప్ప కనిపిస్తాది. మీ తాత రెండో జాముకి లెగిసి సద్దికూడు కట్టుకుని ఎల్లిపోతాడు. ఆయన ఎల్లిన కాణ్ణించి తెల్లారీదాకా గాలి ఏపునుంచి కొడతందో సూసుకుంటా కూసునీదాన్ని. పక్కన పసిగుంటడు, ఆ పక్కన మీ అమ్మ.

బాలింత మందు తాగిన నెల్లాళ్లూ నిద్దర పట్టింది. నెల తిరిగాక మా అత్త ఆపీసింది. ఆపీసిన రాత్రి నాకు కునుకన్నది లేదు. రెండో రాత్రీ లేదు. మూడో రాత్రి, సీసాలో అడుగున మిగిలిందే కదా అని ఒక్క మూత ఏసుకున్నాను. నువ్వన్నావే, అదే మాట. ఒక్క మూత.

మూత రెండయ్యింది. రెండు మూతలు సగం గలాసయ్యింది. పేటలో కొంటే తెలిసిపోద్దని కోటబొమ్మాళిలో కొనీదాన్ని, సంత అయిపోయాక, రైలు టేసను పక్క కొట్లో. ‘మా మావకి’ అనీదాన్ని. కోటరు సీసా తట్టలో పెట్టి తడి గోనె కప్పీదాన్ని. సేపల కంపు కదా, ఎవులు ముట్టుకుంతారు? ఇంటికొచ్చి తవుడు డబ్బాలో దాసీదాన్ని.

మీ తాతా తాగీవోడు. పేటలో తాగని మగోడెవుడు? ఏటకెళ్లి అలిసొచ్చాడు పాపం, ఏసుకున్నాడు అనీవోళ్లు. ఆడది తాగిందంటే మాత్రం ఇంకేటన్నా ఉందా! మొకాన ఉమ్మీవోళ్లు. అందుకని నాను తాగుతున్నాను అని ఒక్కరోజూ అనుకోనేదు. మందు ఏసుకుంతన్నాను అనుకున్నాను. మందే కదా. అత్త పోసిన మందే కదా. ఆ మాట ఎంత సుకంగా ఉండీదో నీకు సెప్పనేను గౌరీ. నాలో నానే అనుకునీదాన్ని, నాకు నిద్దర జబ్బు, మందు ఏసుకుంతన్నాను అని.

అయితే అదేటి సిత్రమో, తొంగోబెడతాది గానీ తొంగోనివ్వదు. రెండో జాముకి దభీమని లేపీసీది. నోరెండిపోయి, సెమట్లు పట్టి, దడ ముందుకన్నా రెట్టింపు. మళ్లీ ఇంకొంచెం. పొద్దున్న సేతులు వొణికీవి, సేపలు తరగనేక కత్తి పక్కన పెట్టీదాన్ని. మా అత్త సూసి, కోడలికి నీరసం అనుకుని, ఆస్పత్రికి పొమ్మంది. ఎల్లాను. అక్కడొక డాక్టరు, పేరెందుకులే, కుర్రోడు, మంచోడే. నిద్దర పట్టట్లేదు బాబూ, గుండె దడ అన్నాను. ఆయన రాసుకుంటా రాసుకుంటా అడిగాడు, “ఇప్పుడేమైనా మందు వాడుతున్నావా?” అని.

నాను సెప్పాను, “ఆఁ బాబూ, రాత్రిపూట ఒక మూత మందు ఏసుకుంతన్నాను” అని.

మూత అన్నాను కదా. బలానికి ఏదో టానిక్కనుకున్నాడు. సంకలో పసిగుంటడు, బాలింతరాలు, ఇంకేటనుకుంతాడు? “మంచిది, అది మానకు, దాంతోపాటు ఈ బిళ్ల ఒకటి వేసుకో” అన్నాడు.

ఆయనకి అర్దం కానేదు, నాకు అయ్యింది. అదీ నీకు సెప్పాల్సింది. ఆయన ఏ మందు అడిగాడో నాకు తెలుసు, నానేటి సెప్తన్నానో నాకు తెలుసు. బాబూ అది కాదు, నాను తాగుతున్నాను అంటే ఒక్క మాట. నోరు రానేదు. పైగా బయటికొచ్చి, డాక్టరే మానొద్దన్నాడు అనుకుని సంతోసపడ్డాను. సిగ్గుగా లేదేటే అని నువ్వు అనాల నన్ను ఇప్పుడు.

ఆ రాత్రి ఆయన సెప్పినట్టే సేసాను. దాంతోపాటు అన్నాడు కదా, గలాసులో పోసుకుని, ఆ బిళ్ల దాంతోనే మింగీసాను. మీ తాత ఇంకా ఇంట్లో ఉన్నాడు, అవతల్న తొంగున్నాడు. ఆయన ఎప్పుడు లెగిసాడో, ఎప్పుడెల్లాడో నాకు తెల్దు. తర్వాత సంగతి మీ అమ్మ సెప్తేనే నాకు తెలిసింది.

గుంటడు కుయ్ కుయ్‌మన్నాడంట. మీ అమ్మకి మెలకువొచ్చింది. సీకట్లో తడివి సూస్తే ఆడు నా కింద ఉన్నాడు. నా సెయ్యీ, రొమ్మూ ఆడి మొకమ్మీద. అమ్మా, అమ్మా అని పిలిసింది. సెంపమీద కొట్టింది. జుట్టట్టుకు లాగింది. సెంబుడు నీళ్లు మొకాన పోసింది. నాను ఊఁ అని కూడా అననేదు. ఏడేళ్ల గుంట, నా బరువెంత, దాని బలమెంత? గోడకి కాళ్లు తన్నిపెట్టి నన్ను దొర్లించిందంట. గుంటణ్ణి లాగీసరికి పెదాలు నల్లబడిపోయి, ఏడుపు లేదు. ఆణ్ణెత్తుకుని సీకట్లో ఇసకలో పరిగెత్తుకుంటా పేట ఆ కొసనున్న మా అత్త ఇంటికెళ్లింది. అత్త ఆణ్ణి బోర్లేసి ఈపుమీద సరిసి, నోట్లో నోరెట్టి ఊదితే, అప్పుడు ఏడిసాడు.

ఉండు, నీళ్లియ్యి. ఆ సెంబు.

ఐసు లారీ ఒకటి ఎల్తంటే ఆపి మా ఇద్దర్నీ ఆస్పత్రికి తీసుకుపోయారు. గుంటడు తేరుకున్నాడు. నాకు మధ్యాన్నానికి తెలివొచ్చింది. అప్పటికి మీ తాత ఒడ్డుకొచ్చి, ఇంట్లో ఎవులూ లేరని, తడిపంచెతోనే వచ్చీసాడు. ఆ డాక్టరు సొక్కా పట్టుకున్నాడు. నీ బిళ్ల నా పెళ్లాన్ని సంపీసీది, నా కొడుకుని సంపీసీది అని అరుస్తన్నాడు. ఎనకాల మన పేటోళ్లు ఇరవై మంది. డాక్టరేమో “ఆమె ఇంకేం మందు వేసుకుంటోంది, అది చెప్పండి ముందు” అంతన్నాడు. మీ తాతేమో ఏ మందూ లేదు అంతన్నాడు.

నాను కళ్లు తెరవనేదు. మెలకువగా ఉన్నాను, అంతా ఇనపడతంది, తెరవనేదు. కొట్టనీ అనుకున్నాను. ఆ కుర్రోడికి ఉద్యోగం పోతే పోనీ, దెబ్బలు తింటే తిన్నీ, నా గుట్టు నాకుండిపోతాది అనుకున్నాను. ఇంత పాపిష్టిదాన్ని నాను.

అప్పుడు మీ అమ్మ, ఆళ్లయ్య పంచె పట్టుకుని లాగి అంది. “అయ్యా, డాక్టర్ని కొట్టకు. అమ్మ మందు ఏసుకోనేదు. అమ్మ తాగింది. రోజూ తాగతాది. సీసా తవుడు డబ్బాలో ఉంది.”

మీ తాత సొక్కా వొదిలీసాడు. నన్ను కొడతాడనుకున్నాను, కొట్టనేదు. నా మంచం కోడు కాడ కింద కూలబడిపోయి, “ఎందుకే?” అన్నాడు. అంతే. నాను సెప్పాను, నువ్వు ఏటకెల్తంటే నాకు బయ్యం, నిద్దర రాదు అని. పెళ్లయ్యి పదేళ్లు, ఆ మాట ఆయనకి అప్పుడే సెప్పాను. బయ్యమని ముందే ఒక్కసారంటే సరిపోయీది.

మానడం ఏమంత సులువు కాదు. ఒకేసారి ఇంటికాడ మానీకూడదని ఆ డాక్టరే ఆస్పత్రిలో ఉంచీసి, దగ్గిరుండి సూసాడు. దెబ్బలు తినబోయినోడే సూసాడు. ఇంటికొచ్చాక మా అత్త నాతోపాటు మెలకువగా ఉండీది. ఎండుసేపలు ముందరేసుకుని ఇద్దరం ఏరుకుంటా కూసునీవోళ్లం. నిద్దర దానంతటదే ఎప్పుడో వచ్చింది, రెండు మూడు నెలలకి.

నాకు వచ్చింది. మీ అమ్మకి పోయింది. ఏడేళ్ల గుంటే, రాత్రి తమ్ముణ్ణి వొళ్లో పెట్టుకుని గోడకి జారబడి కూసునీది. తొంగోయే, నానున్నాను అంటే, “నోరు సూపించు” అనీది. నా నోరు వాసన సూసి అప్పుడు తొంగునీది. మళ్లీ రెండో జాముకి లెగిసి వాసన సూసీది. ఎన్నాళ్లనుకున్నావు? రెండేళ్లు. పగలు బళ్లో పలకమీద తలెట్టి నిద్దరపోతంటే మాస్టారు కొట్టీవోడు. ఆ దెబ్బలు నావి, అది తింది.

ఇప్పుడు నువ్వు సెప్పు. ‘ఏసుకుంటే తప్పేటి’ అన్నావు. ‘ఏసుకుంతన్నాను’ అననేదు. నానూ ఇలాగే మాటాడీదాన్ని గదే.

ఏడవకు. ఎన్నాళ్లయ్యింది? పది రోజులా. పిల్లని పక్కలో పెట్టుకునే తొంగుంతన్నావా? తలూపకు, నోటితో సెప్పు.

సరే. ఇయ్యాల్టి నుంచి రాత్రి పిల్ల నాకాడ ఉంటాది. పాలకి ఏడిస్తే నానే లేపుతాను, తాగించి మళ్లీ నాకియ్యి. ఆ సీసా పెంటమీద పారబోసీ. రేపు పొద్దున్నే శ్రీకాకుళం ఎల్దుము, ఆడ డాక్టరమ్మతో పిల్లకి పాలిస్తన్నాననీ, తాగుతున్నాననీ, బయమేస్తందనీ మూడూ ఉన్నదున్నట్టు నువ్వే సెప్పాల. మందూ గిందూ అన్నావంటే అక్కడే మొట్టికాయ పెడతాను. నీ మొగుడు ఫోను సేస్తే ఆడికీ సెప్పు. మగోడికి తెలవాల, ఆడు ఎల్లిపోతే ఇక్కడేటవుతాదో.

ఇంకో మాట. మీ అమ్మకి తెల్దనుకుంతన్నావు. వారం రోజులై అది నీ గది గుమ్మం కాడ సాపేసుకుంతంది, సూసావా? లోపల ఉక్కగా ఉందే అంతంది. నిన్న దాహమేసి లెగిసాను నాను. తొంగోనేదే అది. గోడకి జారబడి కూసుని, లోపల పిల్ల ఊపిరి సప్పుడు ఇంతంది. నలభై అయిదేళ్ల మనిషి, అచ్చం ఆ ఏడేళ్ల గుంట కూసున్నట్టే కూసుంది. నన్ను సూసి తల తిప్పీసుకుంది.

సల్లగా ఉండండే, నువ్వూ నీ బిడ్డా. నూరేళ్లు బతకండి. మీ అమ్మ సంతనుంచి వచ్చీ ఏళయ్యింది, మొకం కడుక్కో. రాగానే సెప్పీ. సెప్పి, అమ్మా, ఇయ్యాల నువ్వు తొంగో, పిల్లని మేం సూసుకుంతాం అను. నువ్వే అనాల ఆ మాట. నానంటే అది నమ్మదు.