పువ్వు విరిగిన చీర

తండ్రి మగ్గం మీద నేస్తున్న చీరలో పువ్వు రెండుగా విరిగింది. ఆ పువ్వు సరిగా పడేలా, రంగులో ముంచక ముందు నూలుకు లెక్క ప్రకారం ముడులు కట్టాల్సింది పదో తరగతి చదివే కొడుకే. తండ్రి ముఖం చూసే ధైర్యం అతనికి లేకపోయింది.

“లెక్క యాడ తప్పినవ్, బిడ్డా?”

“ముడులు కట్టుకుంటనే చరిత్ర పాఠం చదువుకున్న, బాపూ. గీ పనికి తెలివేం అక్కర లేదనుకున్న.”

“అనుకున్నవా? ఎవరితోనన్న అన్నవా?”

“...దోస్తులతోని అన్న. మా బాపుకు లెక్కలు రావని గూడ చెప్పిన. బడిల లెక్కలు వేరే, సైన్సు వేరే, బొమ్మలు వేరే. నీ చేతిల అన్నీ ఒక్క పోగు మీదనే ఉన్నయని ఇయ్యాల తెలిసింది.”

తండ్రి విరిగిన పువ్వును వేలితో తడిమాడు.

“నూలిచ్చి చీర నేయమన్న సావుకారి అడిగితే ఏం జెప్తవ్, బాపూ?”

“నాకే లెక్క తప్పిందని చెప్త. నీ దోస్తులు గూడ నమ్ముతరు గదా.”